జుట్టు అంచున లేచే పొట్టు: అది పొడిబారడమేనా?

క్లుప్తంగా

నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట, చెవుల ముందూ వెనకా పొట్టు లేస్తే చర్మం పొడిబారిందనే చాలామంది అనుకుంటారు. పెద్దవాళ్లలో ఎక్కువసార్లు అది సెబోరిక్ డెర్మటైటిస్, అంటే చుండ్రే కాస్త ముదిరి మాడు దాటి ముఖం మీదికి దిగిన రూపం. నిజంగా పొడిబారితే తేమ పట్టి ఉంచే క్రీమ్ చాలు. చుండ్రు రకమైతే ఫంగస్‌ను తగ్గించే షాంపూ కావాలి. జుట్టుకి వేసే రంగో, రాసే మందో పడక వస్తే దాన్ని మానేదాకా ఏ క్రీమూ నిలవదు. మూడూ పైకి దాదాపు ఒకేలా ఉంటాయి, వైద్యం మాత్రం వేర్వేరు. తొందరపడి స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే మూడిట్లో ఏదైనా కొన్నాళ్లు అణిగినట్టే ఉంటుంది, అసలు గందరగోళం అక్కడే మొదలవుతుంది.

పొడి అనే మాటతోనే చిక్కు

పొట్టు కనపడగానే చేతికి అందేది మాయిశ్చరైజర్. రాసిన పూట చర్మం నున్నగా ఉంటుంది, పొలుసులు అణిగిపోతాయి, మర్నాడు పొద్దున్నకి మళ్లీ లేస్తాయి. ఇది సరిపోలేదేమోనని ఇంకా చిక్కటి క్రీమ్ తెస్తారు, ఆ తర్వాత నూనె పట్టిస్తారు, తలస్నానం చేస్తే ఇంకా పొడిబారుతుందన్న భయంతో వారానికి ఒకసారికి తగ్గిస్తారు. రెండు వారాలు తిరిగేసరికి అంచంతా ఎర్రబడి, దురద పెట్టి, గోకితే మంట పుట్టి, పొట్టు మొదటికంటే ఎక్కువ రాలుతుంది. చేసిన ప్రతి పనీ చర్మానికి మంచి చేద్దామనే చేసిందే, కానీ జబ్బు పేరు తప్పు పడటంతో అన్నీ ఎదురు తిరిగాయి.

పొట్టు అనేది ఒక లక్షణం, జబ్బు పేరు కాదు. చర్మం పై పొరలో చనిపోయిన కణాలు రోజూ రాలుతూనే ఉంటాయి, ఒక్కొక్కటిగా రాలతాయి కాబట్టి కంటికి కనపడవు. కింది పొరలో పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. లోపల ఏ కారణంతోనైనా వాపు వస్తే ఈ నడక వేగం పుంజుకుంటుంది, కణాలు పూర్తిగా ఎదగకుండానే పైకి తోసుకొస్తాయి, ఒకదాన్ని ఒకటి వదలకుండా గుత్తులుగా లేస్తాయి. నల్ల చొక్కా భుజం మీద కనపడే తెల్ల పొట్టు ఆ గుత్తే. కాబట్టి పొట్టు చెప్పేది ఒక్కటే, పై పొర సరిగ్గా తయారవడం లేదని. ఎందుకు తయారవడం లేదో అది చెప్పదు.

కొంత తేడా ఇంట్లోనే పట్టుకోవచ్చు. పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి, జుట్టు వెనక్కి దువ్వి, అప్పటికే లేచి ఉన్న ఒక పొలుసుని వేలి కొసతో నెమ్మదిగా తీసి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నలిపి చూడాలి. పీకి తీయకూడదు. పిండిలా పొడిపొడిగా రాలిపోయి, దాని కింద చర్మం బిగుసుకుని సన్నటి గీతలతో ఉంటే పొడిబారడానికే ఎక్కువ అవకాశం. కాస్త పసుపు రంగులో, మైనంలా వేళ్లకి అంటుకుంటూ, కింద చర్మం ఎర్రగానో జిడ్డుగానో ఉంటే చుండ్రు వైపే చూడాలి. అలాగే కనుబొమ్మల మధ్య, ముక్కు పక్కన మడతల్లో, చెవి వెనక గాడిలో, గడ్డం మీసాల కింద కూడా పొట్టు ఉందేమో చూడాలి. ఇన్ని చోట్లా కలిసి వచ్చిందంటే పొడిబారడం అయ్యే అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే ఇవన్నీ ముఖంలో జిడ్డు బాగా ఊరే చోట్లు.

చామనఛాయ, నలుపు రంగు చర్మంలో ఎరుపు స్పష్టంగా కనపడదని గుర్తుంచుకోవాలి. అక్కడ ఇదే జబ్బు చుట్టుపక్కల కంటే తెల్లబడిన మచ్చల్లా, కొన్నిసార్లు ముదురు గోధుమరంగు మచ్చల్లా కనిపిస్తుంది. ఆ తెలుపు చూసి బొల్లేమోనని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. బొల్లి మచ్చ సున్నంలా తెల్లగా ఉంటుంది, దాని మీద పొట్టు ఉండదు. సెబోరిక్ డెర్మటైటిస్ మచ్చ కాస్త వెలిసిపోయినట్టు ఉంటుంది, పైన సన్నటి పొట్టు ఉంటుంది, జబ్బు అదుపులోకి వచ్చాక రంగు కూడా వారాలు, నెలల మీద మెల్లిగా తిరిగి వస్తుంది.

ఆ అంచునే ఎందుకు

జుట్టు మొదలయ్యే గీత రెండు రకాల చర్మాలు కలిసే సరిహద్దు. పైన మాడు, దట్టమైన వెంట్రుకల కుదుళ్లు, ప్రతి కుదురుకీ ఒక నూనె గ్రంథి. కింద నుదురు, అక్కడా నూనె గ్రంథులు ఎక్కువే, కానీ చర్మం మాడంత మందం కాదు. పైన పుట్టిన చిక్కు కిందికి దిగితే పలచటి చర్మం మీద అది ఇంకా గట్టిగా కనపడుతుంది.

దీనికి అలవాట్లు తోడవుతాయి. ముఖం కడిగేటప్పుడు జుట్టు తడవకూడదని చేతులు అంచు దగ్గర ఆగిపోతాయి. తల రుద్దేటప్పుడు నురగ నడినెత్తి మీదే తిరుగుతుంది, అంచు దాకా రాదు, వచ్చినా సరిగ్గా కడగరు. సన్‌స్క్రీన్, మేకప్, హెయిర్ జెల్, జుట్టుకి రాసిన నూనె, చెమట అన్నీ వచ్చి ఆగేది ఆ వేలెడు వెడల్పులోనే. హెల్మెట్ పట్టీ, టోపీ అంచు, తలకి బిగించి కట్టే గుడ్డ రాసుకునేది కూడా అక్కడే. ఇలా చూస్తే శరీరంలో రెండు వైపుల నుంచీ సామాను చేరి, ఏ వైపు నుంచీ సరిగ్గా శుభ్రం కాని చోటు ఇది.

మలసేజియా అనే ఈస్ట్ ఏం చేస్తుంది

చుండ్రుకీ సెబోరిక్ డెర్మటైటిస్‌కీ మధ్యలో నిలబడేది మలసేజియా అనే ఈస్ట్, అంటే కంటికి కనపడని ఒక రకం ఫంగస్. 1874లో ఫ్రాన్స్‌కు చెందిన లూయీ షార్ల్ మలసే చుండ్రు పొలుసుల్లో దీన్ని చూసి రాశాడు, పేరు ఆయన నుంచే వచ్చింది. దీన్ని బయటి నుంచి అంటుకున్న జబ్బుగా అనుకోవడం పొరపాటు. పెద్దవాళ్లందరి చర్మం మీదా ఇది కాపురం ఉంటుంది. ఒకరి దువ్వెన వాడినందుకో, పక్కన పడుకున్నందుకో సెబోరిక్ డెర్మటైటిస్ రాదు, శుభ్రత లేకపోవడం వల్ల వచ్చిందని ఎవరినీ తప్పుపట్టాల్సిన పనీ లేదు.

ఈ ఈస్ట్ తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను తాను తయారు చేసుకోలేదు. అందుకే నూనె ఊరే చోటే బతుకుతుంది. చర్మపు జిడ్డులో ఉండే ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులను తన ఎంజైములతో విడగొట్టి, అందులో తనకు పనికొచ్చే సంతృప్త కొవ్వు ఆమ్లాలను తీసుకుని, మిగతావి చర్మం మీదే వదిలేస్తుంది. అలా మిగిలేవాటిలో ముఖ్యమైనది ఓలిక్ యాసిడ్. అది పై పొరలోకి చొరబడి, కణాల మధ్య ఉన్న కొవ్వు అమరికను చెదరగొడుతుంది. అయితే అందరిలోనూ దాని ప్రభావం ఒకేలా ఉండదు. చుండ్రు వచ్చే స్వభావం ఉన్నవాళ్ల మాడు మీద ఓలిక్ యాసిడ్ రాసి చూస్తే పొట్టు లేచింది, ఆ స్వభావం లేనివాళ్లలో లేవలేదు. ఒకే ఇంట్లో ఒకే షాంపూ వాడే ఇద్దరిలో ఒకరికే చుండ్రు ఎందుకు వస్తుందో ఇక్కడ కొంత అర్థమవుతుంది. ఈస్ట్ ఇద్దరికీ ఉంది, జిడ్డు ఇద్దరికీ ఉంది, దానికి ఉలిక్కిపడే చర్మం ఒకరిదే.

వయసును బట్టి ఇది వచ్చిపోయే తీరు కూడా ఈ లెక్కకు సరిపోతుంది. పుట్టిన కొన్ని వారాలకే పసిపిల్లల మాడు మీద పసుపు పెచ్చు కడుతుంది, తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావంతో అప్పుడు నూనె గ్రంథులు చురుగ్గా ఉంటాయి. చాలామందిలో ఏడాది లోపే అది పోతుంది. మళ్లీ యవ్వనంలో గ్రంథులు మేలుకున్నాక చుండ్రు మొదలవుతుంది, మగవాళ్లలో కాస్త ఎక్కువ. చలికాలంలో, నిద్ర లేనప్పుడు, మనసు మీద ఒత్తిడి ఉన్నప్పుడు పెరుగుతుంది. పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లలో, హెచ్‌ఐవీతో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఇది మామూలు కంటే తరచుగా, తీవ్రంగా వస్తుంది. అందుకే అంతకుముందెప్పుడూ లేకుండా ఉన్నట్టుండి ముఖమంతా విపరీతంగా వస్తే డాక్టర్లు రక్తపరీక్ష కూడా చేయిస్తారు.

నిజంగా పొడిబారితే

చర్మం పై పొరను ఇటుకల గోడతో పోలుస్తారు. కణాలు ఇటుకలు, వాటి మధ్య సున్నంలా సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. ఈ సున్నం కరిగిపోతే లోపలి నీరు ఆవిరైపోతుంది, ఇటుకల అంచులు పైకి లేస్తాయి. కరిగించేది చాలావరకు మన చేతిలోని సబ్బే. ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత పీహెచ్, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆరోగ్యంగా ఉన్న చర్మం పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది, మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా పోతుంది. దానికి మరీ వేడి నీళ్లు, పొడిగాలి, ఏసీ గది తోడైతే చెప్పనక్కర్లేదు.

దీనికి వైద్యం తేలిక. సబ్బు బదులు సువాసనలు లేని మృదువైన క్లెన్సర్ వాడాలి, గోరువెచ్చని నీళ్లు పోసుకోవాలి, తుడుచుకున్న రెండు మూడు నిమిషాల్లో చర్మం ఇంకా కాస్త తడిగా ఉండగానే క్రీమ్ రాయాలి. క్రీమ్‌లో గ్లిజరిన్, సెరమైడ్లు, 5 నుంచి 10 శాతం యూరియా లాంటివి ఉంటే మంచిది. గ్లిజరిన్, యూరియా నీటిని పట్టి ఉంచుతాయి, పెట్రోలియం జెల్లీ లాంటివి ఆ నీరు పోకుండా పైన మూత పెడతాయి. చిట్లిన చర్మం మీద యూరియా కాస్త మండుతుంది, అలాంటప్పుడు మొదటి వారం మామూలు క్రీమ్‌తో సరిపెట్టడం మేలు. నిజంగా పొడిబారడమే అయితే ఒకటి రెండు వారాల్లో తేడా కనపడాలి. కనపడలేదంటే మొదటి అంచనా తప్పని అనుకోవాలే తప్ప ఇంకా ఖరీదైన క్రీమ్ కోసం వెతకకూడదు.

రాసుకున్నవే కారణమైతే

ఈ భాగం మీద కాస్త ఎక్కువ ఆగాలి, ఎందుకంటే జనం ఎక్కువగా వదిలేసేది దీన్నే.

జుట్టు రంగుల్లో నల్లదనం కోసం వాడే పారా ఫినైలీన్ డయమీన్, పొట్టిగా పీపీడీ, బాగా పేరుమోసిన ఎలర్జీ కారకం. 2006లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దీన్ని ఆ ఏటి ఎలర్జీ కారకంగా ప్రకటించింది. దీని తీరు వింతగా ఉంటుంది. రంగు వేసింది మాడు మీద, మాడు చర్మం మందంగా ఉంటుంది కాబట్టి అక్కడ పెద్దగా ఏమీ కనపడకపోవచ్చు, నుదుటి అంచు, చెవులు, కనురెప్పలు, మెడ మాత్రం కంది, ఉబ్బి, దురద పెట్టి, తర్వాత పొట్టుగా లేస్తాయి. పైగా ఇది వేసిన వెంటనే రాదు. ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత బయటపడుతుంది, అప్పటికి రంగు వేసిన సంగతే మనసులో ఉండదు. పదేళ్ల నుంచి ఇదే వాడుతున్నా ఇన్నాళ్లూ రానిది ఇప్పుడెందుకు వస్తుంది అనే ప్రశ్న చాలామంది అడుగుతారు. ఎలర్జీ అలాగే వస్తుంది. శరీరం ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు, ఒకసారి గుర్తుపెట్టుకున్నాక మర్చిపోవడం అరుదు. అందుకే రంగు పెట్టె మీద ముందుగా చేతి మీద కొంచెం రాసి 48 గంటలు చూడమని రాసి ఉంటుంది. ఒకసారి ఎలర్జీ వచ్చాక మాత్రం ఆ రంగుతో ఇంట్లో మళ్లీ పరీక్ష చేసుకోకూడదు.

జుట్టు ఊడకుండా రాసే మినాక్సిడిల్ ఇంకొకటి. ద్రావణం రూపంలో ఉండే మినాక్సిడిల్‌లో చాలావరకు ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటుంది, అది కొందరి చర్మాన్ని ఎండబెట్టి పొట్టు లేపుతుంది, కొందరికి ఎలర్జీ కూడా ఇస్తుంది. నుదుటి అంచున జుట్టు పలచబడిందని అక్కడే ఎక్కువగా రాస్తారు, పొట్టు లేస్తే చుండ్రు అనుకుని ఇంకో షాంపూ మొదలుపెడతారు. నురగ రూపంలో దొరికే మినాక్సిడిల్‌లో సాధారణంగా ప్రొపిలీన్ గ్లైకాల్ ఉండదు, దానికి మారితే చాలామందిలో బాధ తగ్గుతుంది. మారినా తగ్గకపోతే మినాక్సిడిలే పడటం లేదేమో చూపించుకోవాలి.

మొటిమలకు రాసే ట్రెటినోయిన్, అడపలీన్, బెంజోయిల్ పెరాక్సైడ్, ముఖానికి వాడే యాసిడ్ సీరమ్‌లు కూడా అంతే. నుదుటి మీద రాసింది చెమటతో, దిండు రాపిడితో అంచు దాకా పాకుతుంది. ఇక షాంపూల్లోని సువాసనలు, మిథైల్ ఐసోథయాజొలినోన్ లాంటి నిల్వ పదార్థాలు, కోకమిడోప్రొపైల్ బీటైన్ అనే నురగనిచ్చే పదార్థం కొందరికి పడవు. షాంపూ వల్ల వచ్చే ఎలర్జీకి ఒక ఆనవాలుంది. నురగ కడిగినప్పుడు నీళ్లు జారే దారిలోనే, అంటే కణతల నుంచి చెంపల అంచున, చెవుల ముందు నుంచి మెడ పక్కలకి గీత గీసినట్టు వస్తుంది.

తేల్చుకోవడానికి ఉన్న మార్గం ఓపికతో కూడినది. ఆ చోట రాసేవన్నీ రెండు మూడు వారాలు ఆపి, తగ్గిందేమో చూసి, ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టాలి, ఒక్కోదానికి కనీసం వారం పదిరోజులు ఇవ్వాలి. డాక్టరు రాసిచ్చిన మందులైతే అడిగే ఆపాలి. తేలకపోతే అనుమానం ఉన్న పదార్థాలను చర్మవైద్యులు వీపు మీద అంటించి చేసే ప్యాచ్ టెస్ట్ ఉంది, చాలాసార్లు దోషి అక్కడ బయటపడుతుంది.

షాంపూని మందులా వాడటం

చుండ్రు రకమని అనిపిస్తే మొదటి మెట్టు ఫంగస్‌ను తగ్గించే షాంపూ. కీటోకొనజోల్ 2 శాతం షాంపూని సాధారణంగా వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడమంటారు. సెలీనియం సల్ఫైడ్, సిక్లోపిరాక్స్, పిరోక్టోన్ ఒలమీన్, జింక్ పైరిథియోన్ కూడా ఇదే కోవలోవి. జింక్ పైరిథియోన్‌ని యూరోపియన్ యూనియన్ 2022 మార్చి నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది, అక్కడ కంపెనీలు చాలావరకు పిరోక్టోన్ ఒలమీన్‌కి మారాయి, మిగతా చాలా దేశాల్లో జింక్ షాంపూలు ఇంకా ఉన్నాయి. పెచ్చు మందంగా కట్టి ఉంటే పైన రాసింది లోపలికి దిగదు, అప్పుడు ముందు సాలిసిలిక్ యాసిడ్ ఉన్న షాంపూతో పెచ్చును వదులు చేసుకోవాలి.

షాంపూ పనిచేయలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది దాన్ని మామూలు షాంపూలాగే వాడి ఉంటారు. రుద్దడం, వెంటనే కడిగేయడం, మొత్తం ముప్పై సెకన్లు. మందు చర్మం మీద ఉండాల్సింది మూడు నుంచి ఐదు నిమిషాలు. తల తడిపి, షాంపూని వెంట్రుకల మీద కాకుండా వేళ్ల కొసలతో పాపిట తీసినట్టు మాడుకి అంటేలా పెట్టాలి, ఆ నురగనే నుదుటి అంచు మీదికి, చెవుల వెనక గాడిలోకి, కనుబొమ్మల మీదికి లాగాలి. గోళ్లతో గీరకూడదు. కళ్లు మూసుకుని, లేదా ఈలోగా ఒళ్లు రుద్దుకుంటూ, ఐదు నిమిషాలు అలా వదిలేయాలి. తలస్నానంలో ఐదు నిమిషాలు చాలా పెద్దగా అనిపిస్తుంది, గడియారం చూడకపోతే రెండో నిమిషానికే చేయి మగ్గు మీదికి పోతుంది. తర్వాత అంచు దగ్గర నురగ మిగలకుండా బాగా కడగాలి, మిగిలితే అదే ఇంకో పొట్టుకి కారణమవుతుంది. కడిగాక అంచు బిగుసుకుపోయినట్టుంటే నూనె లేని పలచటి మాయిశ్చరైజర్ రాయవచ్చు. ఉంగరాల జుట్టు, బాగా పొడిగా ఉండే జుట్టు ఉన్నవాళ్లకి వారానికి ఒకసారి చాలు, వెంట్రుకల చివర్లకి కండిషనర్ పెట్టుకుంటే జుట్టు పాడవదు.

దురద తగ్గడం మొదటి వారం పదిరోజుల్లో తెలుస్తుంది, పొట్టు పూర్తిగా తగ్గడానికి నెల దాకా పట్టవచ్చు. తగ్గగానే మానేయడం రెండో పెద్ద పొరపాటు. ఈస్ట్ చర్మం మీద ఉండే జీవే కాబట్టి తగ్గించగలం, లేకుండా చేయలేం. షాంపూ ఆపితే కొన్ని వారాల్లో దాని సంఖ్య మళ్లీ పెరుగుతుంది. అందుకే తగ్గాక కూడా వారానికో, రెండు వారాలకో ఒకసారి అదే షాంపూ వాడుతూ ఉండమంటారు. మూలం నుంచి నయం చేస్తామనే ప్రకటనలు ఈ ఒక్క విషయం దాచిపెట్టే అమ్ముతాయి, ఇలాంటి జబ్బుతో విసిగిపోయిన మనిషికి అది చేసే అన్యాయం చిన్నది కాదు.

నూనె సంగతి

పొట్టుకి నూనె పెట్టడం అందరికీ తోచే ఉపాయం. పొడిబారిన వెంట్రుకలకి నూనె మంచిదే. కానీ చుండ్రు ఉన్న మాడుకి, అంచుకి నూనె పట్టించి గంటలు, రోజులు వదిలేస్తే మలసేజియాకి మేత వేసినట్టే. మొక్కల నుంచి తీసే నూనెల్లో చాలావరకు అది తినగలిగే కొవ్వు ఆమ్లాలే ఉంటాయి, ముఖ్యంగా ఆలివ్ నూనెలో ఓలిక్ యాసిడ్ బాగా ఎక్కువ. నూనె పెట్టగానే పొలుసులు తడిసి చర్మానికి అతుక్కుపోతాయి కాబట్టి తగ్గినట్టు కనిపిస్తుంది, అంతే. పెచ్చు మెత్తబడటానికి కావాలంటే పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ రాసి, కాసేపు ఉంచి, ఆ వెంటనే మందు షాంపూతో కడిగేయవచ్చు. మినరల్ ఆయిల్‌ని ఈ ఈస్ట్ తినలేదు. నిమ్మరసం, వెనిగర్, బేకింగ్ సోడా లాంటివి మాత్రం ఇప్పటికే చిట్లిన చర్మం మీద పోయకూడదు, కాలినంత పనవుతుంది.

స్టెరాయిడ్ క్రీమ్‌తో వచ్చే ముప్పు

చర్మం బాగా ఎర్రబడి దురద భరించలేనప్పుడు డాక్టర్లు హైడ్రోకార్టిసోన్ 1 శాతం లాంటి తేలికపాటి స్టెరాయిడ్‌ని కొద్ది రోజులు ఇస్తారు. తప్పేమీ లేదు, వాపు త్వరగా దిగుతుంది. ముప్పు వచ్చేది బెటామెథజోన్, క్లోబెటసాల్, మొమెటజోన్ లాంటి బలమైన వాటిని, లేదా స్టెరాయిడ్‌తో ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపిన క్రీములని ఎవరో చెప్పారని కొనుక్కుని నెలల తరబడి రాసినప్పుడు. రాసిన రెండో రోజే మాయం చేసినట్టు తగ్గుతుంది, మానేసిన మూడో రోజుకి రెట్టింపై వస్తుంది, మళ్లీ రాస్తారు. ఇలా తిరుగుతుండగా నుదుటి పలచటి చర్మం ఇంకా పలచబడుతుంది, సన్నటి ఎర్ర రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి, ఎండ తగిలితే మండుతుంది. అక్కడున్నది తామర అయితే ఇంకా ఘోరం. స్టెరాయిడ్ దాని ఎరుపుని, అంచుని చెరిపేస్తుంది, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది, చివరికి డాక్టరు కూడా చూసి గుర్తుపట్టలేని రూపానికి వస్తుంది.

స్టెరాయిడ్ లేకుండా వాపు తగ్గించే మందులు ఇప్పుడు ఉన్నాయి. టాక్రోలిమస్, పిమెక్రోలిమస్ పూతలని ముఖం మీద కొందరికి డాక్టర్లు రాస్తారు. 2023 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ రోఫ్లుమిలాస్ట్ 0.3 శాతం నురగని తొమ్మిదేళ్లు పైబడినవాళ్లలో సెబోరిక్ డెర్మటైటిస్‌కి అనుమతించింది. నురగ కాబట్టి జుట్టున్న చోట కూడా రాయడం తేలిక.

అచ్చం ఇలాగే కనిపించే వేరే జబ్బులు

సోరియాసిస్‌కి జుట్టు అంచు ఇష్టమైన చోటు. అది అంచు దాటి నుదుటి మీదికి వేలెడు మేర దిగి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు తెలుస్తుంది, పైన వెండి రంగు పొలుసు మందంగా ఉంటుంది. చుండ్రు అంచు ఇంత స్పష్టంగా ఉండదు, మెల్లిగా కలిసిపోతుంది. మోచేతులు, మోకాళ్లు, బొడ్డు, గోళ్లు చూస్తే కొన్నిసార్లు అక్కడే సమాధానం దొరుకుతుంది, గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు ఉంటే సోరియాసిస్ అనుమానం బలపడుతుంది. కణాల నడక ఇందులో నాలుగు వారాల నుంచి కొద్ది రోజులకు పడిపోతుంది, పొలుసు అంత దట్టంగా రావడానికి అదే కారణం. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉన్నారు.

బడి వయసు పిల్లల్లో గుండ్రటి మచ్చ, దాని మీద పొట్టు, అక్కడ వెంట్రుకలు విరిగి నల్ల చుక్కల్లా మిగలడం, మెడలో బిళ్లలు కట్టడం ఉంటే అది తల తామర. ఇది అంటుకుంటుంది. క్రీములు, షాంపూలు కుదురు లోపలికి చేరవు కాబట్టి నోటి మందులే వాడాలి, ఆలస్యమైతే కొన్నిసార్లు అక్కడ జుట్టు శాశ్వతంగా పోతుంది.

ఇంకొకటి ఉంది, చుండ్రు అనుకుని ఏళ్లు గడిపేసేది. ఫ్రాంటల్ ఫైబ్రోసింగ్ అలోపీషియా అని పేరు, 1994లో ఆస్ట్రేలియాకు చెందిన స్టీవెన్ కొసార్డ్ మొదట వర్ణించాడు. ఎక్కువగా నెలసరి ఆగిన ఆడవాళ్లలో వస్తుంది, చిన్నవాళ్లకూ మగవాళ్లకూ రాదని కాదు. నుదుటి అంచున ప్రతి వెంట్రుక మొదట్లో సన్నటి ఎరుపు, చిన్న పొట్టు ఉంటుంది, గీత మొత్తం నెమ్మదిగా వెనక్కి జరుగుతూ పోతుంది, వదిలిన చోట చర్మం నున్నగా, లేతగా, కుదుళ్ల గుర్తు కూడా లేకుండా మిగులుతుంది. కనుబొమ్మలు పలచబడటం చాలామందిలో ముందే మొదలవుతుంది. పోయిన జుట్టు తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలంటే తొందరగా వైద్యం మొదలవ్వాలి. అందుకే పొట్టుతో పాటు అంచు వెనక్కి జరుగుతోందని అనుమానం వస్తే రెండు మూడేళ్ల కిందటి ఫొటో పక్కన పెట్టుకుని చూడటం మంచి పని.

పెద్ద వయసులో, ముందు జుట్టు ఊడి ఎండకి బాగా బయటపడిన నుదుటి మీద, గరుకు కాగితంలా తగిలే చిన్న మచ్చ ఒకే చోట ఉండి నెలలు గడిచినా పోకపోతే దాన్ని కూడా చూపించాలి. ఏళ్ల తరబడి ఎండ తగలడంతో వచ్చే ఇలాంటి మచ్చల్లో కొన్ని క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

సరిగ్గా వాడిన షాంపూకి నాలుగు వారాల్లో లొంగకపోయినా, రసి కారినా, చీము పట్టినా, నొప్పి ఉన్నా, జుట్టు ఊడుతున్నా ఇంట్లో ప్రయోగాలు ఆపి చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. కళ్లు, ముఖం ఉబ్బినా, ఊపిరి అందకపోయినా అప్పటికప్పుడే వెళ్లాలి. మామూలుగా వెళ్లేటప్పుడు జుట్టుకీ ముఖానికీ వాడేవన్నీ, రంగుతో సహా, సీసాల వెనక ఉన్న పదార్థాల జాబితా ఫొటో తీసి తీసుకెళ్తే సగం పని అక్కడే తేలుతుంది. ఫంగస్ అనుమానం ఉంటే పొట్టుని కొంచెం గీకి మైక్రోస్కోప్ కింద చూస్తారు. అంతకుముందు రోజుల్లో ఫంగస్ క్రీమ్ రాసి ఉంటే ఆ పరీక్షలో జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు, కాబట్టి ఏం రాశారో, ఎప్పుడు ఆపారో దాచకుండా చెప్పాలి.